గురువారం ఐదింటి అపాయింట్‌మెంట్

సెప్టెంబర్ 3, 2017. ఆదివారం

వైజాగ్ నుంచి ఇప్పుడే దిగాను. రెండు రోజుల వర్క్‌షాప్. టాపిక్: కౌన్సెలింగ్‌లో ఆధ్యాత్మికతను కలుపుకోవడం. హాలు నిండా ఏసీ, టేబుల్ నిండా బిస్కెట్లు. కష్టం వస్తే ఎవరిని తలుచుకుంటారు, బలం ఎక్కడి నుంచి వస్తుంది అని క్లయింట్‌ని మొదట్లోనే అడగాలట. ఇన్నాళ్ళూ దేవుణ్ణీ దయ్యాన్నీ చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రమ్మన్నాం. ఇప్పుడు లోపలికి పిలిచి కూర్చోబెట్టమంటున్నారు.

మా సూపర్‌వైజర్ భీమశంకరరావు గారు కాఫీ బ్రేక్‌లో నా మొహం చూసి నవ్వారు. నమ్మకం నీకుండాల్సిన పని లేదు అనూరాధా, క్లయింట్‌కి ఉంటే చాలు, దాన్నొక టూల్‌లా వాడుకో అన్నారు. తెలివైన మాటే. నోట్ చేసుకున్నాను.

రాజాం నుంచి అమ్మ ఫోన్. సంగతి చెబితే, ఇంతోటి దానికి వైజాగ్ దాకా ఎందుకు వెళ్ళేవే, నన్నడిగితే మన కొట్టు అరుగు మీద కూకోబెట్టి సెప్పీదాన్ని కాదా అంది. తర్వాత మామూలే, పెళ్ళి మాట. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని ఫోన్ పెట్టేసింది. ఈ సామెత నాకోసమే పుట్టిందని ఆవిడ నమ్మకం.

సెప్టెంబర్ 9. శనివారం

కళింగపట్నం క్యాంప్. తుపాను షెల్టర్‌లో ఒక టేబులు, రెండు కుర్చీలు, బయట ఎండుతున్న నెత్తళ్ళ చేపల వాసన. వచ్చేవాళ్ళంతా తలనొప్పికి మాత్ర అడుగుతారు. మాత్రలివ్వను, మాటలే అంటే నా వంక జాలిగా చూస్తారు.

ఇవాళ లక్ష్మణమ్మ అనే ఆవిడ కోడల్ని చెయ్యి పట్టుకుని తెచ్చింది. కోడలి పేరు ఉష. ఇరవై రెండేళ్ళు. మొన్న జూలైలో వేట నుంచి తిరిగొస్తుంటే, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర వాళ్ళ బోటు తిరగబడింది. మిగతావాళ్ళు ఈదుకుని ఒడ్డున పడ్డారు. ఉష భర్త నాగబాబు పడలేదు. శవం కూడా దొరకలేదు.

అప్పటి నుంచి ఉష మాట్లాడదు. తిండి దాదాపు మానేసింది. పొద్దు గుంకే వేళకి లేచి నీళ్ళలోకి నడిచిపోతుంది. వలలు లాగేవాళ్ళు ఇప్పటికి రెండుసార్లు పట్టి వెనక్కి తెచ్చారు. ఈసారి ఎవులూ సూడకపోతే నానేటి సేస్తాను డాట్రమ్మా అంది లక్ష్మణమ్మ.

పిల్ల చేతులకి గాజులున్నాయి, నుదుట బొట్టుంది. శవం దొరక్కుండా కొడుకు చనిపోయాడని ఎలా ఒప్పుకుంటాను అంటుంది అత్త. రోజూ సాయంత్రం కొడుక్కి కూడా కంచం పెట్టి, ఆ అన్నం తెల్లారి కాకులకి వేస్తుంది.

ఉష నా వైపు చూడనే లేదు. భయమేసింది. గురువారం సాయంత్రం ఐదింటికి శ్రీకాకుళం నా క్లినిక్‌కి తీసుకురమ్మన్నాను.

సెప్టెంబర్ 14. గురువారం

వచ్చారు. బస్సు దిగి డే అండ్ నైట్ జంక్షన్ నుంచి నడిచొచ్చారు. లక్ష్మణమ్మ బయట బెంచీ మీద, ఉష లోపల సోఫా మీద.

పెద్దాసుపత్రిలో ఇచ్చిన మాత్రలు నాలిక కింద దాచి ఉమ్మేస్తోందట. నా మాటలూ అలాగే ఉమ్మేస్తోందనిపించింది. సెషన్ సగం పైగా మౌనంలో పోయింది. ఇక దిక్కులేక వర్క్‌షాప్ ప్రశ్న అడిగాను. కష్టమొస్తే ఎవరిని తలుచుకుంటావు ఉషా?

తలెత్తింది. మావ వస్తన్నాడు అంది.

రెండు నెలల్లో ఆ పిల్ల అన్న మొదటి మాట అదే. ఆ వైపు భర్తని మావ అంటారు. పొద్దు గుంకీసరికి దడి అవతల నిలబడతన్నాడట. లోపలికి రాడట. బట్టల్లోంచి నీళ్ళు కారతన్నాయట. ఏమంటాడు అని అడిగాను. మళ్ళీ నోరు మూసుకుంది.

పాత పద్ధతిలో అయితే ఇక్కడ ఒక ఇంగ్లీషు జబ్బు పేరు రాసి పంపేసేదాన్ని. రాయలేదు. రావడం ఆమె నమ్మకం. మంచిది, దానితోనే పని చేద్దాం. ఎందుకో హుషారుగా ఉంది.

సెప్టెంబర్ 21. గురువారం

ఇవాళ ఖాళీ కుర్చీ చేశాను.

ఇది పాత టెక్నిక్కే. ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేసి, పోయినవాళ్ళు అందులో ఉన్నారనుకుని, చెప్పకుండా మిగిలిపోయిన మాటలు చెప్పించడం. నేను దానికి కొంచెం ఆధ్యాత్మికత కలిపాను. నా బ్యాగ్ పెట్టుకునే తెల్ల ప్లాస్టిక్ కుర్చీని తుడిచి ఉష ఎదురుగా వేశాను. తలుపు తీశాను. ఇంటికొచ్చిన మనిషితో అన్నట్టే, రండి నాగబాబు గారూ, కూర్చోండి అన్నాను. నాకు కొంచెం నవ్వొచ్చింది కూడా, లోపల.

ఉష తలుపు వైపు చూసింది. తర్వాత ఆమె చూపు మెల్లగా గదిలోకి నడిచింది, కుర్చీ దగ్గర ఆగింది, కిందికి దిగింది. నిలబడిన మనిషి కూర్చుంటే మన చూపు ఎలా దిగుతుందో అలా. ఓలమ్మ, ఎంత తడిసిపోనావు మావా అంది.

ఇక ఆగలేదు. ఏడ్చింది, తిట్టింది, ఆ పొద్దు వేటకి ఎల్లొద్దంటే ఇన్నావేటి అని అరిచింది. నేను చెయ్యాల్సిందేమీ లేకపోయింది. ఏళ్ళ తరబడి చదివింది ఇందుకే కదా అనుకున్నాను. గడియారం చూస్తే ఆరుకి పది తక్కువ. బయట ఆరు గంటల క్లయింట్ వచ్చేసి దగ్గుతున్నాడు. రోజూ చెప్పేదే చెప్పాను. ఇవాళ్టికి ఇక్కడ ఆపుదాం, మళ్ళీ గురువారం ఐదింటికి కలుద్దాం. మర్యాదకి కుర్చీ వైపు కూడా చూసి చెప్పాను.

ఉష కళ్ళు తుడుచుకుని లేచింది. మెట్ల దగ్గర ఆగి, వెనక ఎవరో రావాలన్నట్టు కాసేపు చూసింది. తర్వాత ఒక్కతే దిగిపోయింది.

సెప్టెంబర్ 24. ఆదివారం

లక్ష్మణమ్మ ఫోన్. ఉష అన్నం తింది, మారు వడ్డించుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సెప్టెంబర్ 28. గురువారం

ఉష ఒక్కతే బస్సెక్కి వచ్చింది. తల్లో కనకాంబరాలు. మాట్లాడుతుంది, నవ్వుతుంది, చేపలు ఎండబెట్టే పనికి మళ్ళీ వెళ్తోందట. నాగబాబు సంగతి అడిగితే, ఇప్పుడు ఇంటికాడికి రావట్నేదు మేడం అంది. ఇంటికాడికి అన్న మాట నొక్కి పలికింది. రాస్తుంటే ఇప్పుడు గుర్తొస్తోంది.

సెషనంతా ఆ కుర్చీ వైపు వీపు పెట్టి, పక్కకి తిరిగి కూర్చుంది.

ఆమె వెళ్ళాక కుర్చీ మీద బ్యాగ్ పెట్టబోతే తడిగా ఉంది. పైన కప్పు పొడిగానే ఉంది. వాన లేదు. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను, ఎందుకో తెలీదు. ఉప్పు.

అక్టోబర్ 5. గురువారం

ఉష రాలేదు. బాగున్నాను మేడం, నెలకోపాలి వస్తాను అని ఫోన్ చేసింది. ఐదు గంటల స్లాట్ ఖాళీ. హాయిగా నోట్స్ రాసుకుందామని కూర్చున్నాను.

రాయలేదు. కాసేపటికి గమనించాను. నేను నా కుర్చీలో, ఒళ్ళో చేతులు కలిపి, కొంచెం ముందుకి వంగి, తల ఒక పక్కకి వాల్చి కూర్చున్నాను. క్లయింట్ మాట వింటున్నప్పుడు అలాగే కూర్చుంటాను. ఎదురుగా ఆ తెల్ల కుర్చీ. ఆరుకి పది తక్కువ అయ్యేదాకా కదలలేకపోయాను. భయం వల్ల కాదు. మధ్యలో లేస్తే బాగుండదనిపించింది.

ఆరింటికి రాంబాబు గారు వచ్చారు. మా రాజాం ఆయనే, ధాన్యం వ్యాపారం, నిద్ర పట్టదు. దయ్యాలూ పూజలూ అస్సలు పట్టని మనిషి. సోఫా మీద కూర్చుంటూ ప్యాంటు కొసలు పైకి లాక్కుని, కాళ్ళు ఒక పక్కకి జరుపుకున్నారు. బయట వాన పడతందేటి మేడం అన్నారు. లేదన్నాను. మరి ఈ తడేటి అని కింద చూశారు. నేల పొడిగానే ఉంది. ఆయనా నేనూ కాసేపు ఆ పొడి నేలని చూశాం.

అక్టోబర్ 7. శనివారం

భీమశంకరరావు గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన వెక్కిరించలేదు, అది ఆయన మంచితనం. ఆ పిల్ల దుఃఖం నీ గదిలో కొంత మిగిలిపోయింది, నువ్వు మోస్తున్నావు, అంతే అన్నారు. దానికో పేరుంది, నాకూ తెలుసు. పేరు వినగానే ఊరట కలిగింది.

ఇది మంచి కేసు, డిసెంబర్ కాన్ఫరెన్స్‌కి పేపర్ రాయమన్నారు. రాంబాబు గారి ప్యాంటు సంగతి పేపర్లో వద్దన్నారు.

అక్టోబర్ 12. గురువారం

ఐదింటికి వచ్చారు.

వచ్చారు అని రాశాను. కొట్టెయ్యబుద్ధి కావడం లేదు. నా క్లయింట్లలో టైముకి వచ్చేది ఈయనొక్కరే.

అక్టోబర్ 16. సోమవారం

లక్ష్మణమ్మ చెప్పకుండా వచ్చింది. సగం మెట్ల మీద నుంచే కేక. నా కొడుకుని ఎక్కడెట్టేవమ్మా?

మనిషి చిక్కిపోయింది. కోడలు తింటోంది, ఈవిడ మానేసింది. నాలుగు వారాలుగా కొడుకు రావడం లేదట. ఇదివరకు పొద్దు గుంకితే దడి కాడ అలికిడయ్యేదట, కంచంలో మెతుకులు చెదిరేవట. ఆడు సచ్చినా బతికినా ఇంటికొచ్చీవోడు, నువ్వేదో సేసినావు, ఆడు ఇల్లు మర్సిపోనాడు అంది.

మీ కోడలు బాగుపడింది కదమ్మా అన్నాను. కోడలు బాగుపడితే కొడుకుని ఒగ్గీమంటావేటి అంది.

లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. మంచినీళ్ళు తేవడానికి అటు తిరిగి వచ్చేసరికి, ఆవిడ నేల మీద కూర్చుని, ఆ ప్లాస్టిక్ కుర్చీ కాలు పట్టుకుని ఏడుస్తోంది. నేను ఏ కుర్చీ అని చెప్పలేదు. గదిలో నాలుగు కుర్చీలున్నాయి.

వెళ్తూ, నమ్మకం నేకపోతే పిలవకూడదమ్మా అంది. కోపంగా కాదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

అక్టోబర్ 18. బుధవారం

పొద్దున్నే క్లినిక్ కడిగాను. ఆ కుర్చీని సబ్బుతో తోమి, బోర్లించి, బాల్కనీలో ఆరబెట్టాను. చాలు ఈ పిచ్చి. పండక్కి రాజాం వెళ్తున్నాను. రేపు సెలవు.

అక్టోబర్ 19. గురువారం. దీపావళి. రాజాం

రాయకపోతే నిద్ర పట్టదు.

ఇవాళ పొద్దున్న కొట్లో లక్ష్మీపూజ బాగా జరిగింది. సాయంత్రం ఐదు దాటేదాకా అంతా మామూలే. అన్నయ్య ఆనంద్‌కుమార్ కొట్లో లేకపోతే గల్లా దగ్గర నేనే కూర్చున్నాను. చీకటి పడుతుంటే ఫోన్. లక్ష్మణమ్మ. ఆవిడ గొంతు అంత సంతోషంగా ఎప్పుడూ వినలేదు. వచ్చీసినాడు డాట్రమ్మా, నా బాబు వచ్చీసినాడు, దడి తీసీసి లోపలికే వచ్చీసినాడు, అరుగు మీద తడి కాళ్ళు సూసినాను, నీకు దండాలు తల్లీ అంటోంది.

ఆవిడ వెనక అరుపులు. అవి సంతోషపు అరుపులు కావు. ఎవరో మగమనిషి ఫోన్ లాక్కున్నాడు. ఉష నీల్లల్లోకి ఎల్లిపోనాది మేడం, లాగినాం, ఊపిరున్నాది, శ్రీకాకుళం తెస్తన్నాం అన్నాడు.

నేను గల్లా తెరిచి ఉంచేసి లేచిపోయానట. అమ్మ చెప్పింది.

అక్టోబర్ 20. శుక్రవారం

ఆసుపత్రి. ఉష బతికింది. గొంతు బొంగురుపోయింది. లక్ష్మణమ్మ మంచం కింద నేల మీద ముడుచుకుని కూర్చుంది, నా వైపు చూడలేదు. కొడుకు వచ్చాడన్న సంతోషంలో ఆవిడ కోడలు గుమ్మం దాటడం చూడలేదు. అది ఇప్పుడు ఆవిడకి తెలుసు.

ఉష నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, అత్తకి వినపడకుండా చెప్పింది. దడి కాడ నిలబడి మావ రోజూ ఒక మాటే అనీవోడట. ఒక్కడినే ఉన్నాను, రా. అంతే. ఆడు మీ గదిలో కూకున్నన్నాళ్ళూ నాకు ఆ మాట ఇనపడనేదు మేడం. నిన్న మళ్ళీ ఇనపడినాది. ఆడ్ని పంపీకండి, మీ కాడే ఉంచండి అంది.

నీకు ఆయనంటే ఇష్టం కదా ఉషా అన్నాను. బుద్ధి లేని ప్రశ్న. ఇష్టమే మేడం, అందుకే బయం, పిలిస్తే ఎల్లిపోతాను అంది.

క్లినిక్‌కి వచ్చి బాల్కనీ తలుపు తీశాను. కుర్చీ బోర్లా ఉంది, పొడిగా, మామూలు ప్లాస్టిక్ కుర్చీలా. లోపలికి తెచ్చి, తిన్నగా నిలబెట్టి, దాని చోట దాన్ని వేశాను. సారీ అన్నాను. పైకే అన్నాను.

ఇలాంటి క్లయింట్లు కోలుకునే దారిలో ఒక్కోసారి వెనక్కి జారతారు, పండగ రోజుల్లో మరీను. ఏ పుస్తకం తీసినా ఉంటుంది. నేనే పది మందికి చెప్పాను.

అక్టోబర్ 21. శనివారం

కళింగపట్నం వెళ్ళి దాలయ్యని కలిశాను. ఐస్ ఫ్యాక్టరీ వ్యాన్ నడుపుతాడు. గంగమ్మ పండక్కి పూనకం వచ్చే దాసుడు కూడా ఆయనే. వ్యాన్ కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. నేను చెబుతుంటే ఒక్కో మాటకీ కొంచెం కొంచెం బయటికొచ్చాడు.

వాళ్ళలో పద్ధతి ఇది. సముద్రంలో పోయి, శవం దొరకని మనిషికి ఒడ్డున ఒక పీట వేస్తారు. పేరు పెట్టి ఒక్కసారి పిలిచి, అన్నం పెడతారు. తర్వాత పిలిచినవాళ్ళే పీట బోర్లించి, ఇక నీకు మాకూ తీరిపోయింది, రాకు, వెళ్ళిపో అని చెప్పి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. అది అయ్యేదాకా ఎవరూ ఆ మనిషికి ఆసనం వెయ్యరు. అందుకే ఆడు దడి కాడ ఆగిపోనాడు అన్నాడు దాలయ్య. లక్ష్మణమ్మ ఆ పీట వెయ్యనివ్వలేదు. నేను వేశాను. వేసి, అన్నం పెట్టలేదు, పొమ్మనలేదు. పైగా గురువారం రమ్మన్నాను.

అపాయింట్‌మెంటు ఇచ్చేసినారా అని దాలయ్య నోరు తెరిచాడు. ఆ తర్వాత మొన్న, పొమ్మన్న మాట చెప్పకుండానే కుర్చీ బోర్లించాను.

కుర్చీకి చేతులున్నాయా, లేవా అని అడిగాడు. ఉన్నాయన్నాను. చేతిలో స్పానర్ కింద పెట్టాడు. నిజం సెప్తన్నాను తల్లీ, టూబులైటు కింద పిలాస్టిక్ కుర్సీలో కూకోబెట్టిన కత మా తాతల కాడా ఇన్నేదు, నాకూ తెల్దు అన్నాడు. కార్తీక పున్నమి పొద్దున కుర్చీని ఒడ్డుకు తెమ్మన్నాడు. పిలిచింది నేను కాబట్టి పొమ్మనాల్సింది నేనే.

పొమ్మంటే నేరుగా వెళ్ళిపోతాడా అని అడిగాను. కడలికి ఎల్లీముందు ఒక్కపాలి సొంత గుమ్మం సూసుకుని ఎల్తారు, ఎవులూ ఆపనేరు అన్నాడు. మరి ఉష? వేరే ఊరు పంపేస్తే? పిలుపుకి ఊరు అడ్డమేటి తల్లీ అని మళ్ళీ వ్యాన్ కిందకి వెళ్ళిపోయాడు.

అక్టోబర్ 26. గురువారం

ఐదింటికి వచ్చారు. పోయినవారం రాలేకపోయినందుకు కారణం చెప్పాను. ఏ క్లయింట్‌కయినా చెబుతాం.

ఇవాళ నేను మాట్లాడాను. మీరు పిలిస్తే ఉష చచ్చిపోతుంది నాగబాబు గారూ, ఆ సంగతి మీకు తెలుసా అన్నాను. గదిలో ఒక మూల నుంచి నీటిచుక్కలు పడుతున్న చప్పుడు, మెల్లగా, ఆగి ఆగి. మీకు తెలీదనుకుంటాను అన్నాను. చప్పుడు ఆగింది.

ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. వాళ్ళావిడ చూపించిన ఫోటోలో పెళ్ళి కండువాతో, చెవి మీద చిక్కుకున్న అక్షింతతో, నవ్వు ఆపుకోలేక నిలబడ్డాడు. చలిలో ఒంటరిగా ఉన్నవాడు ఇల్లాలిని కాక ఎవరిని పిలుస్తాడు? అతని మీద నాకు కోపం రావడం లేదు. జాలిగా ఉంది.

రాంబాబు గారు ఇక నుంచి సోమవారాలు వస్తానన్నారు. కారణం అడిగితే, గురువారం కీళ్ళు లాగుతున్నాయట.

నవంబర్ 4. శనివారం. కార్తీక పౌర్ణమి

తెల్లారగట్ల ఆటో పైన కుర్చీ కట్టించుకుని వెళ్ళాను. ఇంత చదువుకుని ఏం పని ఇది అని దారంతా తిట్టుకున్నాను. ఒడ్డున ఆడవాళ్ళు దీపాలు వదులుతున్నారు. దాలయ్య స్నానం చేసి పసుపు బట్టల్లో ఉన్నాడు. పడవలకి అవతలగా, ఇసకలో కుర్చీ వేయించాడు. లక్ష్మణమ్మ అన్నం, కవళ్ళ చేపల పులుసు తెచ్చింది. ఉష అత్త వెనక నిలబడి, అత్త చీర కొంగు రెండు చేతులా పట్టుకుంది. మంచం దిగి రెండు వారాలు కాలేదు.

అన్నం పెట్టాం. కుర్చీ కాళ్ళు మెల్లగా ఇసకలో దిగాయి. మనిషి బరువుకి దిగినట్టు దిగాయి. దాలయ్య చూశాడు, నేను చూశాను. ఎవరం ఏమీ అనలేదు.

సెప్పీ తల్లీ అన్నాడు దాలయ్య. రాకు, వెళ్ళిపో. రెండు మాటలు. నోరు తెరిచాను.

అప్పుడు లెక్క తేలింది. నమ్మకుండా పిలిచాను, వచ్చాడు. నమ్మకుండా పొమ్మంటే పోతాడా అన్నది ఒక మాట. నమ్మి పొమ్మంటే, వెళ్తూ వెళ్తూ సొంత గుమ్మం చూసుకుంటాడన్నదీ నమ్మాలి. ఆ గుమ్మంలో ఉష ఉంటుంది. ఒక్కసారే పిలుస్తాడు. ఆ పిల్లకి ఒక్కసారి చాలు. సగం నమ్మి, సగం మానడానికి నాకు వీల్లేదు.

ఉషని చూశాను. ఆమె నన్ను చూడటం లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, పెదాలు కదుపుతోంది. వద్దు వద్దు వద్దు అంటోంది. అతనితోనో నాతోనో తెలీదు. లక్ష్మణమ్మ కుర్చీ వైపు చూసింది, కోడలి వైపు చూసింది. చూసి, తన రెండు చేతులతో ఉష చెవులు మూసింది. ఆవిడ కూడా ఆ గుమ్మం సంగతే ఆలోచిస్తోంది. కొడుకుని వదులుకోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది, ఏడుపొచ్చింది.

నాగబాబు గారూ, గురువారం ఐదింటికి రండి అన్నాను. ఇంటికి వెళ్ళకండి. నా దగ్గరికే రండి.

దాలయ్య ఓలమ్మో అని రెండడుగులు వెనక్కి వేశాడు. ఇది తీరదు తల్లీ, నువ్వున్నన్నాళ్ళూ తీరదు అన్నాడు. తెలుసన్నాను.

కుర్చీ ఎత్తుతుంటే బరువుగా ఉంది. ఆటోవాడూ నేనూ పట్టుకుంటేగానీ లేవలేదు. తడి ఇసక అని చెప్పాను అతనికి. లక్ష్మణమ్మ ఆటో దాకా వచ్చింది. ఆడికి పులుసులో కారం ఎక్కువ ఉండాల అంది. అంతే అంది.

నవంబర్ 9. గురువారం

భీమశంకరరావు గారికి పేపర్ రాయనని చెప్పాను. క్లయింట్ అనుమతి లేదా అన్నారు. ఇద్దరిలో ఒకరిది లేదన్నాను. జాగ్రత్త అన్నారు.

2018, ఆగస్టు 23. గురువారం

నిన్న ఉషకి మారుమనువు అయింది. వరుడిది భావనపాడు వైపు, వేట మానేసి వెల్డింగ్ పని నేర్చుకున్నాడు. సంబంధం కుదిర్చింది లక్ష్మణమ్మే. తన చేత్తో గాజులు తొడిగింది. పెళ్ళిలో ఉష నాకు రెండుసార్లు పాయసం వడ్డించింది.

ఇవాళ ఐదింటికి ఆ సంగతి ఆయనకి చెప్పాను. బయటివాళ్ళ ద్వారా తెలియకూడదనిపించింది. చుక్కల చప్పుడు ఆగిపోయింది. వెళ్ళిపోయారేమో అనుకుని లేవబోయాను.

అప్పుడు మాట్లాడారు. ఇన్ని నెలల్లో మొదటిసారి. మెల్లగా, మర్యాదగా.

మరి మీకు ఎవులున్నారు మేడం అని అడిగారు.

క్లయింట్ మన సొంత సంగతి అడిగితే చెప్పకూడదు. ఈ చదువులో మొదటి పాఠం అదే.

ఒక్కదాన్నే ఉన్నానని చెప్పేశాను.